సున్నం వేసిన తోట

"ఆ బచ్చలి తీగ పీకెయ్యమంతన్నానప్పా. రేపు పొద్దున్నే ఆఫీసరు వత్తన్నారు. ఈ పందిరీ, ఈ తడకలూ సూత్తే ఏటనుకుంతారు?"

"బచ్చలి అనుకుంతారు. ఇంకేటనుకుంతారు?"

"ఏలాకోలం కాదు. గుడిసేసీసినారని రాసుకుంతారు. అందరూ పీకేత్తన్నారు కదా, నీ ఒక్కదానికేటి?"

"పీకితే పీకనీ. నాను నాటినాను, నాను కోసుకుంతాను. రేపు మీ ఇంట్లో సున్నం కూర వొండుతారేటి తమ్ముడూ?"

"నోరు పెద్దది సేత్తే పనవదు. నా సర్వీసులో ఎన్ని ఇన్‌స్పెక్షన్లు సూసినాను! సాయబొచ్చినప్పుడు పని కనపడకూడదు. శుభ్రం కనపడాల."

"నీ సాయబుకి నీ శుభ్రం సూపించుకో. నా మడి జోలికి రాకు."

ఆయన చేతిలో సున్నం బాల్చీ ఉంది, అందులో పీచు కుంచె ఉంది. నేను నా మడి మధ్యలో నిలబడి ఉన్నాను. వయసులో నాకంటే చిన్నవాడు. చుట్టం కాదు. ఆయనా మా ఆయనా ఇక్కడి ఉక్కు ప్లాంటులో ఒకే మెషీన్ షాపులో పనిచేశారు. ఆయన ఫోర్‌మేన్‌గా రిటైరయ్యాడు. మా ఆయన రిటైరు కాకుండానే పోయారు. ఊళ్ళు కూడా పక్కపక్కనే, ఒడిశా సరిహద్దుకు తెలుగు వైపున. మా వైపు అక్కను అప్ప అంటారు, అలాగే పిలుస్తాడు. ఇన్నేళ్ళలో మా మధ్య ఎప్పుడూ మాట తేడా రాలేదు. ఆ సాయంత్రం వచ్చింది.

మా మడులున్న ఆ జాగా ఈ ప్లాంటు ఊళ్ళో, కద్మా అనే పేటలో మా వీధి వెనకాల ఉంది. ఒకప్పుడు అక్కడ పాత క్వార్టర్లుండేవి. వాటిని కూల్చేసి ఇటుకలు తీసుకుపోయారు. మిగిలిన పునాదుల మధ్య పిచ్చిమొక్కలు మొలిచాయి. వీధిలోవాళ్ళు చెత్త పోయడం మొదలుపెట్టారు, పందులు వచ్చాయి. ముందు నేనే వెళ్ళి ఒక మూల గడ్డి చెక్కాను. సమాజసేవ కోసం కాదు. సాక్చి బజారులో ఆకుకూర కట్ట విప్పితే పైన రెండు రెబ్బలే బాగుంటాయి, లోపలంతా కుళ్ళు. అలా పారేసే కూర కొనడం నాకు చేతకాదు. బియ్యం కడిగిన నీళ్ళు మోరీలో పోయడమూ చేతకాదు. ఆ నీళ్ళు పోయడానికి ఒక పాదు కావాలి, పాదుకు జాగా కావాలి. అలా మొదలైంది.

నన్ను చూసి ఫోర్‌మేన్ భార్య వచ్చింది. తరవాత మా పక్కింటి ఒడియా ఆవిడ వచ్చింది. ఆ వెనక బీహారు వాళ్ళు, చివరి ఇంట్లో ఉండే ఆదివాసీ వాళ్ళు కూడా వచ్చారు. మా గోంగూరలాంటి మొక్కే వాళ్ళకూ ఉంది, కుద్రుమ్ అంటారు, దాని ఎర్ర కాయలతో పచ్చడి చేస్తారు. ఎవరి మడి వాళ్ళది, నీళ్ళ గొట్టం మాత్రం అందరిదీ. ఎవరి మడి ఎక్కడిదాకా అని కాగితం రాసుకోలేదు. మేకల కోసం నేను నా మడి చుట్టూ వెదురు తడకలు కట్టుకున్నాను. మిగతావాళ్ళు కట్టుకోలేదు. వాళ్ళ వంగ మొక్కలను మేక కొరికితే రోజంతా మేకను తిట్టేవాళ్ళు. నాకు తిట్టే పని లేకపోయింది.

అలా కొన్నాళ్ళు గడిచాక ఊరికి కొత్త ప్లాను వేస్తున్నారని తెలిసింది. ప్లాను ఆఫీసులో పెద్ద మ్యాపు అతికించారు, ఫోన్లో కూడా పెట్టారు. కాలేజీకి వెళ్ళే నా మనవరాలు అందులో మా వీధి వెతికింది. మా తోట ఉన్న చోట బూడిద రంగు వేసి ఉంది. ఆ రంగుకు అర్థం బళ్ళు నిలిపే జాగా అని చెప్పింది. నేను నమ్మలేదు. మా వీధిలో కార్లున్నవాళ్ళందరినీ కలిపి కూర్చోబెట్టినా ఒక్క పునాది గోడ నిండదు. అయినా రంగు వేశారంటే వేశారు. అభ్యంతరం చెప్పుకోవడానికి గడువుందట. మనవరాలు రాసింది, మేమందరం సంతకాలు పెట్టాం. నేను బడికి వెళ్ళింది కొద్దికాలమే కాబట్టి సంతకం పెట్టడానికి మిగతావాళ్ళకంటే ఎక్కువసేపు పట్టింది.

ఆ ప్లాను నియమాల్లో ఈసారి కొత్తగా ఒక మాట చేర్చారు. వీధిలోవాళ్ళు కలిసి పండించుకునే తోట ఎక్కడైనా ఉంటే దానికి విడిగా ఒక రంగు ఇవ్వవచ్చు. పార్కుది ఉత్త పచ్చ, దీనిది చారల పచ్చ. ఎందుకిలా చేర్చారని అడిగితే మనవరాలు ఒక హిందీ మాట చదివింది, సతత్ వికాస్ అని.

"అంటే ఏటే?" అన్నాను.

"ఇప్పుడు మనం వాడుకోవాలి, తరవాత వచ్చేవాళ్ళకి కూడా మిగలాలి. అది, నానమ్మా."

"దానికి చట్టం ఎందుకు?"

"క్యోంకి సబ్ ఆప్‌కే జైసే నహీ హై నా," అంది. అందరూ మీలాగా ఉండరు కదా అని. పొగిడిందో ఎత్తిపొడిచిందో నేను అడగలేదు.

చారల పచ్చ రావాలంటే ఆఫీసు నుంచి ఒకరు వచ్చి కళ్ళతో చూడాలి. అక్కడ నిజంగా కూర పండుతోందా, ఒకరు కాక పలువురు పండిస్తున్నారా, అన్నవే చూస్తారు. చూసి బాగుందంటే చారల పచ్చ. లేదంటే బూడిద రంగే, జాగా పోయినట్టే. జాగా పోతే ఇంట్లో కూరకు ఇబ్బంది అవుతుంది. నా కొడుకుది కాంట్రాక్టు పని, ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. అంతకంటే ముఖ్యంగా, పొద్దున్నే లేచి నేను చేయడానికి పనేమీ మిగలదు. పని లేకుండా కూర్చున్న ముసలమ్మలను నేను చూశాను.

ఆఫీసరు ఫలానా రోజు వస్తారని కబురు వచ్చాక ఫోర్‌మేన్ పెద్దరికం తీసుకున్నాడు. అందరూ ఒప్పుకున్నారు. ప్లాంటులో పనిచేసిన ఇంటికి ఇన్‌స్పెక్షన్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. పెద్ద సాయబు, అంటే పై అధికారి, వస్తున్నాడంటే షాపులో ముందు నూనె గుడ్డలు దాచేస్తారు. పనిముట్లు కనపడకుండా సర్దుతారు. దారి పొడుగునా ఇటుకలు ఏటవాలుగా పాతి, ఒకదానికి సున్నం, ఒకదానికి గేరు అనే ఎర్రమట్టి రంగు పూస్తారు. చెట్ల మొదళ్ళకు కూడా పూస్తారు. ఆ రోజుల్లో మా ఆయన చొక్కాకు సున్నం అంటి వచ్చేది, ఉతికితే పోయేది కాదు. సాయబు నడిచి వెళ్ళిపోయాక మళ్ళీ నూనె గుడ్డలు బయటికి వచ్చేవి. ఫోర్‌మేన్ తన ఉద్యోగమంతా అలాగే గట్టెక్కాడు. ఒక్కసారి కూడా మాట పడలేదని చెప్పుకునేవాడు.

ఇంకో భయం కూడా ఉంది ఆయనకు. పాత రోజుల్లో క్వార్టర్ల చుట్టూ ఎవరైనా కూరపాదులు వేసుకుంటే ఎప్పుడో ఒకప్పుడు మనుషులు వచ్చి పీకేసి వెళ్ళేవారు. పూలమొక్కలను మాత్రం ముట్టుకునేవారు కాదు. ఆయన లెక్క ప్రకారం ఆఫీసరుకు కూర కనపడితే కబ్జా, పూలు కనపడితే తోట. కాబట్టి కూరలు పీకించి, మడులు చదును చేయించి, అంచులకు సున్నం వేయించి, కల్యాణమండపంలో తెలిసినవాళ్ళనడిగి బంతిపూల కుండీలు తెప్పించాడు.

అదే నాతో తగువు. ఆ సాయంత్రం మిగతావాళ్ళు పీకేస్తూనే ఉన్నారు. ఒడియా ఆవిడ బెండ మొక్కలు కట్టగట్టి పక్కన పెట్టి నా వైపు చూసి, "మౌసీ, సబ్ కర్ రహే హై తో హమ్ భీ కర్ దియే," అంది. అందరూ చేస్తున్నారని తనూ చేసిందట. ఫోర్‌మేన్ భార్య వంగ మొక్కలు పూత మీద ఉన్నాయి. ఆమె వాటిని లాగలేదు, చుట్టూ తవ్వి మట్టి బెడ్డతో సహా ఎత్తి బాల్చీలో పెట్టుకుంది.

"ఏటే, ఎక్కడికి మోత్తన్నావు?" అన్నాను.

"ఇంటికొదినా. పారెయ్యడానికి సెయ్యి రాలేదు. ఈయన సూత్తే తిడతారు."

"తిట్టనీ. పూత మీదున్నదాన్ని ఎవులు పీకుతారే?"

"నాకు సెప్తావేటి? ఆ మాట మీ తమ్ముడికి సెప్పు."

తమ్ముడు వినే దారిలో లేడు. మనవరాలు గట్టు మీద నిలబడి ఫోను చూపిస్తూ, "అరే అంకుల్, సబ్జీ హీ తో దిఖానా హై!" అని అరిచింది. చూపించాల్సింది కూరలనే కదా అని. ఫోర్‌మేన్ కుంచె ఆపలేదు.

"నీకు తెలీదు పిల్లా. కాగితం మీద అలగే రాత్తారు. వొచ్చినవోళ్ళు సూసేది వేరేగ ఉంతాది."

ఆ మాటకు చాలామంది తలలూపారు. నేను కూడా మనవరాలి వైపు మాట్లాడలేదు. చట్టంలో ఏముందో నాకు పట్టలేదు. ఆఫీసరు కూరలు చూడాలనుకుంటున్నారో పూలు చూడాలనుకుంటున్నారో నాకు అనవసరం. మొక్క కాపు మీద ఉండగా పీకడం నా వల్ల కాదు, అంతవరకే. నా మడిలో బచ్చలి ఉంది, గోంగూర ఉంది, ఆనపపాదు పిందెల మీద ఉంది. ఆనపపిందె మీద ఎవరూ సున్నం చల్లకుండా తడక తలుపు కట్టేసుకున్నాను.

"రేపు ఏదైనా తేడా వొత్తే నీదే పూచీ అప్పా," అన్నాడు ఆయన.

"ఈ జాగా పోతే నాను సూసుకుంతాను, నువ్వు సున్నం సూసుకో," అన్నాను.

అది తెలివైన మాట కాదు. జాగా పోతే నేను చూసుకునేది ఏమీ లేదు. కానీ తగువులో ఉన్నప్పుడు అలాంటి మాటే నోటికి వస్తుంది. ఆయన మళ్ళీ నా వైపు తిరగలేదు. పొద్దు వాలేలోపు ఇటుకలన్నీ తెల్లగా ఎర్రగా తేలాయి, కుండీలు వరసగా నిలబడ్డాయి. చూడ్డానికి బాగానే ఉంది. ప్లాంటు గేటు ముందున్నట్టే ఉంది.

మర్నాడు పొద్దున్న ఆఫీసరు జీపులో వచ్చింది. ఆడపిల్ల, నా మనవరాలికంటే కొంచెం పెద్దది ఉంటుందేమో. ఫోర్‌మేన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదురువెళ్ళాడు. మేమందరం గట్టు మీద నిలబడ్డాం. ఆమె చేతిలో పలకలాంటి ఫోను ఉంది. దాన్నీ జాగానూ మార్చి మార్చి చూసింది.

"బగీచా కహా హై?" అంది, తోట ఎక్కడని.

"యహీ హై మేడమ్," అన్నాడు ఫోర్‌మేన్, చెయ్యి చాచి కుండీల వరస చూపించి.

ఆమె వరస వెంబడి నడిచింది. కుండీలో బంతిమొక్కను పట్టుకుని కొంచెం పైకి లాగి చూసింది. ఆ తరవాత అంతా హిందీలోనే చెప్పింది, కోపంగా కాదు, పాఠం చెప్పినట్టు. ఇది పార్కు అంది. పార్కుకు వేరే రంగు ఉంది, అది కావాలంటే ఇచ్చేయవచ్చు. కానీ పార్కులో ఎవరూ తవ్వకూడదు, పంట వేయకూడదు. మీ అర్జీలో కూరలు పండిస్తున్నామని రాశారు, కూర ఎక్కడ?

అందరూ నా మడి వైపు చూశారు. ఆమె కూడా చూసింది.

"ఇది ఎవరిది?"

"నాది," అన్నాను.

"మీ ఒక్కరిదేనా?"

"నాదే."

ఆమె తడకలను చేత్తో తట్టి చూసింది. చుట్టూ అడ్డం కట్టి, తలుపు పెట్టి, ఒక్క ఇంటివాళ్ళే వాడుకుంటే దాన్ని వీధి తోట అనరు, కబ్జా అంటారు అంది. నాకు ఆ మాట ముందు అర్థమైంది, తరవాత వినపడింది. ఆ జాగాలో నిలిచి ఉన్న మొక్కలు నావి మాత్రమే. అవి ఉండటం వల్లే మొత్తం జాగా కబ్జాలాగా కనిపిస్తోంది. అవి లేకపోతే పార్కులాగా కనిపించేది. రెండు దారుల్లోనూ చారల పచ్చ లేదు.

మనవరాలు ఏదో చెప్పబోయింది గానీ ఆఫీసరు ఫోనులో రాసుకోవడం మొదలుపెట్టింది.

ఫోర్‌మేన్ భార్య అక్కడి నుంచి వెళ్ళిపోవడం నేను చూశాను. సిగ్గుపడి వెళ్ళిందనుకున్నాను. తిరిగివచ్చేసరికి చంకన బాల్చీ ఉంది. బాల్చీలో వంగ మొక్కలున్నాయి, కొంచెం వాడి, పూత మాత్రం రాలకుండా. తన మడి ఉండిన చోటికి వెళ్ళి సున్నం గీత లోపల బాల్చీ దించింది.

"ఇయి నావమ్మా. నిన్న సాయంత్రం దాకా ఇక్కడే ఉన్నాయి. ఇదిగో, ఇక్కడ." హిందీ బాగానే వచ్చు ఆమెకు, ఆ వేళ మాత్రం తెలుగే వచ్చింది. మనవరాలు హిందీలో చెప్పింది.

"మరి ఎందుకు పీకేశారు?" అంది ఆఫీసరు.

"మీరొత్తన్నారని."

మనవరాలు దాన్ని కూడా హిందీలోకి మార్చింది. ఆఫీసరు ఫోను కిందికి దించింది. నవ్వు ఆపుకుందని అనుకుంటున్నాను, కచ్చితంగా చెప్పలేను.

ఒడియా ఆవిడ పరుగెత్తింది. బీహారు వాళ్ళ కోడలు ముల్లంగి కట్ట పట్టుకొచ్చింది, ఆకులు అప్పటికే సగం తరిగేసి ఉన్నాయి. ఆదివాసీ ఇంటాయన కుద్రుమ్ కొమ్మలు కాయలతో సహా తెచ్చాడు. ఎవరు తెచ్చినది వాళ్ళు పట్టుకుని, ఎవరి మడి ఉండిన చోట వాళ్ళు నిలబడ్డారు. పీకేసిన పంటను చేత్తో పట్టుకుని నేల మీద నిలబడ్డ మనుషులను అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. ఫోర్‌మేన్ ఒక్కడే చేతిలో ఏమీ లేకుండా మధ్యలో ఉండిపోయాడు. కాసేపటికి వంగి, భార్య నిలబడ్డ చోట సున్నం పొరను చెప్పుతో గీకాడు. అడుగున నల్లమట్టి, తెగిన వేళ్ళు కనిపించాయి. అలా ఒక్కొక్క మడి దగ్గరికీ వెళ్ళి గీకాడు.

ఆఫీసరు అందరినీ ఫొటోలు తీసింది. ఎవరు తవ్వుతారు, నీళ్ళు ఎక్కడివి, పండినది అమ్ముతారా తింటారా అని ఒక్కొక్కరినీ అడిగింది. చివర నా దగ్గరికి వచ్చింది. ఈ తడకలు తీసేయాలి అంది. జాగా మొత్తానికి ఒకే కంచె ఉండవచ్చు, దాని తలుపుకు తాళం ఉండకూడదు, లోపల ఎవరి అడ్డం వాళ్ళకు ఉండకూడదు.

"మేకలొత్తాయి," అన్నాను.

"బయటి కంచె అందరూ కలిసి గట్టిగా కట్టుకోండి."

"మనుషులు కూడా వత్తారు. నాను నాటింది ఎవులో కోసుకుపోతే?"

మనవరాలు చెప్పగా విని, కోసుకుపోవచ్చు, అందుకే దాన్ని అందరి తోట అంటారు అని ఆమె బదులిచ్చింది.

నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు. ఫోర్‌మేన్ నా దగ్గరికి వచ్చాడు.

"నిన్న నా మాట యిన్నావు కాదు. ఈ పిల్ల మాటైనా యిను అప్పా."

"నీ మాట యినుంటే పార్కని రాద్దురు, బంతిపూలు వొండుకుని తిందుము."

"నీ మాట యినుంటే కబ్జా అని రాద్దురు, కార్లు పెడుదురు."

రెండూ నిజమే. నేను ఇంట్లోంచి కొడవలి తెచ్చి తడకల కట్లు కోశాను. ఆయన ఒక్కొక్క తడకా ఎత్తి గట్టు మీద పేర్చాడు. బచ్చలి పందిరి కూడా తీయాలేమోనని అడిగాను. అక్కర్లేదు, పందిరి అడ్డం కాదు అంది ఆఫీసరు. ఫోను మీద వేలితో మా జాగా చుట్టూ గీత గీసి, రంగు మార్చి మాకు చూపించింది. చారల పచ్చే. దీని మీద ఇంకా ఒక విచారణ ఉంటుంది, అక్కడ ఎవరూ కాదనకపోతే ప్లానులో ఇలాగే ఉండిపోతుంది అని చెప్పింది. జీపెక్కి వెళ్ళిపోయింది.

తరవాత ఎండ ముదరకముందే పని మొదలుపెట్టాం. సున్నం కలిసిన మట్టిని పారతో పక్కకు తీసి, మొక్క పట్టేలా కొత్త గోతులు తవ్వాం. వంగ మొక్కల పూత తుంచేయమని, ఆకులు సగానికి కోసేయమని ఫోర్‌మేన్ భార్యకు చెప్పాను. పూత తుంచడానికి ఆమెకు మనసు రాలేదు, నేనే తుంచాను. బెండ మొక్కలు నిలవవని తెలిసినా ఒడియా ఆవిడ నాటింది. ముల్లంగి మళ్ళీ నాటేది కాదు, బీహారు కోడలు దాన్ని ఇంటికి తీసుకెళ్ళి వండుకుంది. ఫోర్‌మేన్ ఇస్త్రీ చొక్కా విప్పి పందిరి గుంజకు తగిలించి, గొట్టం పట్టుకుని మడి మడికీ నీళ్ళు పెట్టాడు. నా మడికి కూడా పెట్టాడు. మధ్యలో వీధిలో ఉండే ఒకావిడ, అంతకుముందెప్పుడూ అటు రానిది, లోపలికి వచ్చి నా గోంగూర కోసుకోవచ్చా అని హిందీలో అడిగింది. వేరుతో లాగకుండా చివళ్ళు తుంచుకోమన్నాను. కూరకు సరిపడా తుంచుకుని వెళ్ళింది.